నేల కదులుతుందా? గొలుసు కొలత నుంచి రాడార్ కొలత దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, డి.ఎ. బకాయిల మీద, వైద్య ఖర్చుల మీద రాసేవారు మనలో ఎలాగూ ఉన్నారు గనుక నేను చరిత్ర రాస్తానని ఒప్పుకున్నాను. ఏ చరిత్ర అన్నది మాత్రం గండికోట యాత్రలో తేలింది.

మన సంఘం తరఫున పోయిన శీతాకాలంలో బస్సు కట్టుకొని గండికోటకు వెళ్ళిన సంగతి వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసుకొని, మోకాళ్ళు సహకరించినవాళ్ళం లోయ అంచు దాకా నడిచాము. ఎర్రటి బండల నడుమ పెన్న కింద పారుతూంది. ఆ బండలు వందకోట్ల ఏళ్ళకు పైబడినవి. భూగర్భశాస్త్రజ్ఞులు వాటికి మన ఊరి పేరే పెట్టి ‘గండికోట క్వార్ట్జైట్’ అని పుస్తకాల్లో రాసుకున్నారు.

అక్కడ ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడు నా పక్కన కూర్చున్నాడు. ఆయనది తాళ్ళప్రొద్దుటూరు. ఆ ఊరు 2020లో గండికోట జలాశయం నీళ్ళలో కలిసిపోయింది. కాసేపు మాట్లాడకుండా ఉండి, “అన్నా, ఇన్ని నీళ్ళు ఒకేచోట నిలబెట్టినారే, ఈ బరువుకు కింద నేల కుంగదా?” అని అడిగాడు.

వెనక నుంచి ఎవరో “నేల యాడికి పోతాది లేప్పా!” అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ముప్పై అయిదేళ్ళు నేను చేసిన ఉద్యోగమంతా ‘నేల ఎక్కడికీ పోదు’ అన్న ఆ ఒక్క నమ్మకం మీదే నడిచింది. 1973లో సర్వే, భూమి రికార్డుల పనిలో ఎల్.డి.సి.గా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. ఎఫ్.ఎం.బి. పటాలు, డైగ్లాటు, అడంగలు, సర్వే రాళ్ళ జాబితా, వీటన్నిటి కింద ఉన్న ఆధారం ఒకటే. రాయి పాతితే ఆ రాయి అక్కడే ఉంటుంది. మనుషులు చస్తారు, పుడతారు, అమ్ముకుంటారు, కొనుక్కుంటారు. నేల మాత్రం నిలిచి ఉంటుంది. ఆ నమ్మకం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు సడలింది, ఇప్పుడు నేల కదలికను ఆకాశం నుంచి ఎలా కొలుస్తున్నారు అన్నదే ఈ వ్యాసం.

మన రాయలసీమను 1800లో నిజాం కంపెనీవారికి ఒప్పజెప్పాడు. అందుకే చాలాకాలం దీన్ని దత్తమండలం అనేవారు. మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం కుదుర్చుకోవాలంటే ముందు ప్రతి చేనూ కొలవాలి. 33 అడుగుల గొలుసు పట్టుకొని మనుషులు చేను చేనూ తిరిగారు. 33 అడుగుల చదరం ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. తర్వాతి కాలంలో మా చేతికి వచ్చిన గొలుసు 66 అడుగులది, దానికి 100 లింకులు. ఆ గొలుసు చదరం సరిగ్గా పది సెంట్లు. ఈ లెక్క నాకు నిద్రలో కూడా తప్పదు. నేటి పిల్లలకు సెంటు అంటే ప్లాటు ధర తప్ప గొలుసు గుర్తుకు రాదు.

మన్రోది శిస్తు కోసం చేసిన కొలత. అదే రోజుల్లో ఇంకో కొలత శాస్త్రం కోసం మొదలైంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలవడం ప్రారంభించాడు. ఆ ఒక్క గీత మీద త్రిభుజాలు అల్లుకుంటూ దేశమంతా కొలవడమే ఆ మహాకార్యం. దాన్నే గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అన్నారు. ఆయన వాడిన థియోడొలైటు అర టన్ను బరువు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకొని సొట్టపడింది. లాంబ్టన్ కొన్ని వారాలు గుడారంలో కూర్చొని దాన్ని తానే సాపు చేసుకొన్నాడు. 1811లో గుత్తి దగ్గర మళ్ళీ ఒక ఆధారరేఖను కొలిచాడు. అంటే మన సీమ నేల మీద కూడా ఆ ఉక్కు గొలుసు పరచుకొన్నది. మన ఊళ్ళ కైఫియత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా సర్వే అధికారే. 1815లో ఆయన మొత్తం ఇండియాకే సర్వేయర్ జనరల్ అయ్యాడు.

ఇంత శ్రద్ధగా కొలిచినవారికే మొదటి సందేహం వచ్చింది. ఉత్తరదేశంలో కల్యాణ్‌పూర్, కల్యాణా అనే రెండు స్థలాల మధ్య దూరాన్ని త్రిభుజాలతో ఒకసారి, నక్షత్రాలను చూసి ఒకసారి లెక్కించారు. రెంటికీ సుమారు 5 సెకండ్ల కోణం తేడా వచ్చింది. నేల మీద అది 500 అడుగులకు పైగా. మేస్త్రీలు గోడ నిటారు చూడడానికి వేలాడదీసే దారపు గుండు ఉంటుంది కదా, దాన్ని హిమాలయాలు తమవైపు లాగుతున్నాయని కలకత్తాలోని ప్రాట్ అనే మతాధికారి లెక్కగట్టాడు. తీరా చూస్తే ఆయన లెక్క ప్రకారం గుండు ఇంకా ఎక్కువ వాలాలి. అంత పెద్ద పర్వతం అంత తక్కువగా లాగుతున్నదంటే దాని అడుగున తేలిక పదార్థం ఉండాలి. నీళ్ళలో దుంగలు తేలినట్టు కొండలు కింది బరువైన పొర మీద తేలుతున్నాయని 1855లో ఏరీ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు వివరించాడు. నేల గట్టు కాదు, తెప్ప అన్నమాట. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదివే ఈ సిద్ధాంతం మన దేశపు సర్వే కాగితాల్లో వచ్చిన ఒక తేడా నుంచి పుట్టింది. లెక్క తేలనప్పుడు కాగితం చించిపారేయకుండా, ఎందుకు తేలలేదని కూర్చున్నవారి పుణ్యం అది.

తర్వాత 1897 జూన్‌లో అస్సాంలో మహాభూకంపం వచ్చింది. సర్వేవారు ఖాసీ కొండల్లో పాత స్థానాలకు వెళ్ళి మళ్ళీ కొలిస్తే పాత దూరాలకూ కొత్త దూరాలకూ పొంతన లేదు. రాయి కదలలేదు, రాయి నిలిచిన కొండే జరిగింది.

ఈ పెద్ద విషయాలు నేను రిటైరయ్యాకనే చదువుకున్నాను. ఉద్యోగంలో ఉండగా తెలిసి ఉంటే ఒక తప్పు చేయకపోయేవాణ్ణి. అది కూడా చెబుతాను. 1978 ప్రాంతం. జమ్మలమడుగు తాలూకాలో ఒక ఊరు. ఇద్దరు దాయాదుల మధ్య గట్టు తగాదా. మండువేసవిలో సర్వేయరు కొలిచాడు. నల్లరేగడి చేను, చేతికర్ర దిగేంత నెర్రెలు. కార్తీకంలో వానలయ్యాక మళ్ళీ కొలిస్తే రాయి ఒక లింకు పైచిలుకు పక్కకు ఉంది. ఫైలులో ‘రాయి జరిపినారు’ అని రాశారు. చిన్నాయన మీద నోటీసు తయారైంది. దాన్ని టైపు చేసింది నేనే. పాత కరణం ఒకాయన కచేరీకి వచ్చి, “నాయనా, రాయిని ఎవరూ జరపలేదు. రేగడి జరిపింది. ఎండితే ముడుచుకుంటాది, తడిస్తే ఉబ్బుతాది, రాయిని మోసుకొని తిరుగుతాది” అని చెప్పాడు. ఆ మాట రాసుకోవడానికి మా ఫారంలో గడి లేదు. నోటీసు వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత కేసు కొట్టేశారు గానీ ఆ అన్నదమ్ముల బిడ్డలు ఒకరి ఇంటికి ఒకరు పోయింది నేను ఎరుగను.

కరణం చెప్పిన ఆ మాటే పదేళ్ళ తర్వాత అమెరికాలో శాస్త్రీయంగా రుజువైంది. అది చెప్పాలంటే రాడార్ దగ్గరికి రావాలి.

1978 జూన్‌లో, అంటే మా నోటీసు తగాదా రోజుల్లోనే, అమెరికావారు సీశాట్ అనే ఉపగ్రహాన్ని పంపారు. సముద్రాన్ని పరిశీలించడానికి పంపినది. మూడు నెలలు దాటీ దాటకముందే కరెంటు లోపం వచ్చి ఆగిపోయింది. కానీ ఆ కొద్ది కాలంలో తీసిన రాడార్ చిత్రాలను గాబ్రియెల్, గోల్డ్‌స్టైన్, జెబ్కర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు తీరిగ్గా జతచేసి చూశారు. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ అనే కాలువ సేద్యపు ప్రాంతంలో కొన్ని చేలు మాత్రం గట్ల వెంబడి గీత గీసినట్టు పక్క చేలకంటే కాస్త పైకి లేచి కనిపించాయి. చూస్తే అవి ఆ రోజుల్లో నీళ్ళు పెట్టిన చేలు. బంకమట్టి తడిసి ఉబ్బింది. 1989లో వారు ఆ వ్యాసం అచ్చువేశారు. భూమి ఉబ్బును ఆకాశం నుంచి సెంటీమీటర్లలో పట్టుకున్న తొలి లెక్కల్లో అది ముఖ్యమైనది. మా కరణానికి ఉపగ్రహం అవసరం లేకపోయింది.

ఇది ఎలా సాధ్యం అని మీరు అడుగుతారు. నాకు అర్థమైన తీరులో గొలుసు భాషలో చెబుతాను. గొలుసుతో ఒక దూరం కొలిచామనుకోండి. పన్నెండు గొలుసులు, పైన 37 లింకులు. కొలిచినవాడు గొలుసులెన్నో మరిచిపోయి, మిగులు 37 లింకులు మాత్రమే పుస్తకంలో రాసుకున్నాడు. ఆ దూరం ఎంతో చెప్పలేం. కానీ నెల తర్వాత అదే చోటు నుంచి అదే గురికి మళ్ళీ కొలిస్తే మిగులు 40 లింకులు వచ్చింది. అప్పుడు దూరం తెలియకపోయినా మూడు లింకులు పెరిగిందని తెలిసిపోతుంది. రాడార్ కొలత సరిగ్గా ఇదే. ఉపగ్రహం ఏడువందల కిలోమీటర్ల పైనుంచి రేడియో తరంగాన్ని కిందికి పంపుతుంది. అది నేలకు తగిలి తిరిగి వస్తుంది. ఆ తరంగపు పొడవే దాని గొలుసు. దారిలో కోట్ల గొలుసులు పట్టి ఉంటాయి, వాటిని లెక్కపెట్టలేదు. చివర మిగిలిన ముక్కను మాత్రం ఖచ్చితంగా చూస్తుంది. కొన్ని రోజుల తర్వాత అదే దారిన వచ్చి అదే నేలను చూసినప్పుడు మిగులు మారితే నేల జరిగినట్టు. తరంగం పోయి రావాలి గనుక, నేల తరంగంలో సగం పొడవు జరిగితే మిగులు ఒక చుట్టు తిరిగి మొదటికి వస్తుంది.

ఐరోపావారి సెంటినెల్-1 ఉపగ్రహాన్ని 2014 ఏప్రిల్‌లో పంపారు. దాని తరంగం 5.6 సెంటీమీటర్లు. కాబట్టి 2.8 సెంటీమీటర్ల కదలికకు పటం మీద ఒక రంగుల చుట్టు వస్తుంది. చుట్టులో పదోవంతును కూడా గుర్తుపట్టగలరు. మనం ట్రేసింగ్ క్లాతు మీద గీసిన రెండు గ్రామ పటాలను ఒకదానిపై ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు పట్టి, గీత తప్పిన చోటు చూసేవాళ్ళం గుర్తుందా? అదే పని, కాకపోతే మిల్లీమీటర్ల లెక్కలో. రాడార్‌కు వెలుతురు అక్కర్లేదు, రాత్రయినా మబ్బయినా పనిచేస్తుంది.

ఈ విద్య ప్రపంచం దృష్టికి వచ్చింది 1993లో. అంతకు ముందు ఏడాది జూన్ 28న కాలిఫోర్నియాలోని లాండర్స్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. 1991లో ఐరోపావారు పంపిన ఇ.ఆర్.ఎస్.-1 ఉపగ్రహం భూకంపానికి ముందూ వెనకా తీసిన చిత్రాలను ఫ్రాన్సులో మసోనె బృందం జతచేసింది. పగులు చుట్టూ చెరువులో రాయి వేసినట్టు రంగుల వలయాలు వచ్చాయి. ఎన్నో వందలమంది సర్వేయర్లు నెలల తరబడి కొలిచినా దొరకని కదలిక పటం ఒక్క బొమ్మలో దొరికింది. ‘నేచర్’ పత్రిక దాన్ని ముఖచిత్రంగా వేసింది.

అన్ని నేలల మీదా ఈ కొలత ఒకేలా కుదరదు. రెండుసార్లు చూసినప్పుడు నేల అదే నేలలా కనిపించాలి. మొదటిసారి నాటుమళ్ళు, రెండోసారి కోతకొచ్చిన వరి అయితే రాడార్ గుర్తుపట్టలేక తికమకపడుతుంది. కె.సి. కాలువ కింది పొలాల మీద ఈ ఇబ్బంది ఉంటుంది. బండనేల, బోడిగుట్టలు, ఊళ్ళ కప్పులు, కట్టడాలు మాత్రం ఏళ్ళ తరబడి మారవు. అంటే మన సీమను ఎండిన నేల అని అందరూ జాలిపడతారు గానీ రాడార్ కన్నుకు ఇది చాలా మంచి నేల. గాలిలో తేమ మారినా కొలత కాస్త తప్పుతుంది, అందుకే ఒకటి రెండు చిత్రాలతో తీర్మానించకుండా ఏళ్ళ వరస చూస్తారు. ఇంకొకటి, ఉపగ్రహం పక్కవాటుగా చూస్తుంది గనుక నేల తనవైపు వచ్చిందా, దూరం పోయిందా అన్నదే దానికి తెలుస్తుంది. ఉత్తరదక్షిణాలుగా జరిగితే దాదాపు కనిపించదు.

మన దేశంలో దీని ఉపయోగం రెండు చోట్ల బాగా తెలిసింది. ఢిల్లీలో విమానాశ్రయం పక్కన కాపాషేడా అనే చోట భూగర్భజలాలు తోడేయడం వల్ల నేల 2014-16 మధ్య ఏడాదికి దాదాపు 11 సెంటీమీటర్లు, ఆ తర్వాతి రెండేళ్ళు ఏడాదికి దాదాపు 17 సెంటీమీటర్లు కుంగిందని సెంటినెల్ చిత్రాలతో లెక్కతేల్చారు. బోరు మీద బోరు వేసే మన జిల్లాలవారు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవచ్చు. అయితే అక్కడిది మెత్తటి ఒండ్రునేల, మనది చాలావరకు రాతినేల. అందుకని అవే అంకెలు ఇక్కడికి తెచ్చి భయపడనవసరం లేదు.

రెండోది ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్. 2023 జనవరిలో ఇళ్ళకు పగుళ్ళు వచ్చి జనం బయటపడ్డ సంగతి టీవీలో చూశాము. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంవారు ఉపగ్రహ చిత్రాలు చూసి, 2022 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఏడు నెలల్లో దాదాపు 9 సెంటీమీటర్లు, ఆ డిసెంబరు 27 నుంచి జనవరి 8 దాకా పన్నెండు రోజుల్లోనే 5.4 సెంటీమీటర్లు ఆ ఊరు కుంగిందని లెక్కగట్టారు. ఆ నివేదిక బయటికి వచ్చిన కొద్దిరోజులకే వెనక్కి తీసుకున్నారు. జనం గందరగోళపడుతున్నారు, అధికారులు తప్ప ఎవరూ మీడియాతో మాట్లాడవద్దన్నారు. ఆ నిర్ణయం వెనక వారి కారణాలు వారికి ఉండవచ్చు. కానీ ఏడు నెలలుగా మెల్లగా కుంగుతున్న ఊరి లెక్క, పగుళ్ళు వచ్చాక కాక ముందే ఆ ఊరివాళ్ళ చేతికి వచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. నా జీవితమంతా రికార్డు గదిలో గడిచింది. బీరువాలో పెట్టి తాళం వేసిన కొలత ఎవరికి పనికొస్తుందో నాకు తెలుసు, ఎవరికి పనికిరాదో కూడా తెలుసు.

మన కడప దగ్గరే చూడండి. 2015 చివరి వానల తర్వాత చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో ఉన్నట్టుండి నేల గుండ్రంగా కూలిపోయి పెద్ద గుంతలు పడ్డాయి. పక్క ఊళ్ళవాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోలేదు. జియలాజికల్ సర్వేవారు వచ్చి చూశారు. మన కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది. అది నీటికి ఏళ్ళ తరబడి కరిగి డొల్లలు ఏర్పడతాయి. బేలం గుహలు అలా కరిగినవే. కరువు ఏళ్ళలో నీటిమట్టం దిగిపోయి డొల్లలు ఖాళీ అవుతాయి. పైన ఒక్కసారి కుండపోత పడితే పైమట్టి బరువెక్కి లోపలికి జారుతుంది. రాడార్ దీన్ని ముందే చెప్పగలదా అంటే కొంతవరకే. గుంత పడేముందు చుట్టూ నేల నెమ్మదిగా వంగితే పట్టుకుంటుంది. ఒక్క రాత్రిలో కూలితే, అదీ పదిపదిహేను అడుగుల వెడల్పులో కూలితే, పన్నెండు రోజులకొకసారి వచ్చే ఉపగ్రహానికి దొరకదు. అక్కడ ఇప్పటికీ రైతు కన్నే ముందు చూస్తుంది. చేలో కొత్తగా నీళ్ళు ఇంకిపోయే చోటు, గట్టు మీద వంకర పగులు, ఇవి కనిపిస్తే చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలి.

ఇక మిత్రుడి ప్రశ్న. గండికోట జలాశయం నిండితే 26.85 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే వందకోట్ల ఘనపుటడుగులు. ఘనపుమీటర్లలోకి మార్చి టన్నులు కడితే 76 కోట్ల టన్నులు. పెన్సిలుతో రెండుసార్లు వేసి చూసుకున్నాను. ఇంత బరువు గట్టి రాతి మీద పడితే నేల కుంగక తప్పదు. కానీ ఎంత? స్థూలంగా సెంటీమీటరు అటూ ఇటూ వరసలో. అదీ ఒక చోట గుంటలా కాదు, మైళ్ళ కొద్దీ నేల పరుపులా వంగుతుంది. నీళ్ళు తీస్తే తిరిగి లేస్తుంది. దానివల్ల ఇల్లు పగలదు, గోడ వాలదు. అమెరికాలో హూవర్ డాము కట్టి 1935 నుంచి లేక్ మీడ్ నింపినప్పుడు లెవెలింగు కొలతల్లో ఈ కుంగుబాటు కనిపించింది. తర్వాత రాడార్‌తోనూ చూశారు.

బరువుకంటే జాగ్రత్తగా చూడవలసింది వేరొకటి ఉంది. నీరు రాతి పగుళ్ళలోకి ఒత్తిడితో దిగితే, అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న లోపలి పగులు జారవచ్చు. మహారాష్ట్రలో కొయినా జలాశయం నింపిన కొన్నేళ్ళకు 1967 డిసెంబరులో వచ్చిన భూకంపం అలాంటిదే. దాదాపు రెండువందలమంది పోయారు. అప్పటి నుంచి హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అక్కడ చిన్న చిన్న కంపనాలు కూడా నమోదు చేస్తూ వచ్చారు. ప్రతి జలాశయం దగ్గరా ఇలా జరుగుతుందని దీనర్థం కాదు. దేశంలో వందలాది జలాశయాలున్నాయి, కొయినాలు కొద్ది.

ఇదే వరసలో 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోవడం గుర్తుకొస్తుంది. రాజంపేట వైపు మన సభ్యుల బంధువులు కూడా నష్టపోయారు. ఆ కట్టను రాడార్ కాపాడేదా అని ఒకరిద్దరు నన్ను అడిగారు. కాపాడేది కాదు. ఎగువన పింఛ కట్ట తెగి, పట్టలేనంత వరద ఒక్కసారి వచ్చి కట్ట పైనుంచి పొర్లింది. అది గంటల వ్యవహారం. ఏళ్ళ తరబడి మెల్లగా వంగే కట్టకు రాడార్ పనికొస్తుంది గానీ, వరద రాత్రి పనికొచ్చేది గేటు, సైరను, పరుగెత్తి చెప్పే మనిషి. కొత్త పరికరం వచ్చిందని అన్నిటికీ దాన్నే మందుగా చెప్పడం నాకు నచ్చదు.

ఇంత చెప్పాక, 2025 జులై 30 సాయంత్రం గురించి చెప్పకపోతే వెలితి. మన పెన్న సముద్రంలో కలిసే చోటికి దక్షిణాన, శ్రీహరికోట నుంచి 5 గంటల 40 నిమిషాలకు జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు నిసార్ అనే ఉపగ్రహాన్ని మోసుకుపోయింది. అమెరికా నాసా, మన ఇస్రో కలిసి చేసినది. బరువు దాదాపు 2,400 కిలోలు. పైకి వెళ్ళాక గొడుగులా విచ్చుకునే వల అద్దం వెడల్పు 12 మీటర్లు, అంటే మన సంఘం హాలు కంటే పెద్దది. దానికి రెండు గొలుసులు. నాసావారిది 24 సెంటీమీటర్ల తరంగం, ఇస్రోవారిది పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. పొడవు తరంగం ఆకుల సందున దూరి నేలను తాకుతుంది గనుక పైరున్న చోట కూడా లెక్క కొంత మెరుగ్గా దొరుకుతుంది. పన్నెండు రోజులకొకసారి అదే దారిన వస్తుంది. దాని చిత్రాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని ముందే నిర్ణయించారు. ఈ చివరి మాట నాకు అన్నిటికంటే నచ్చింది. మా కాలంలో ఒక ఎఫ్.ఎం.బి. నకలుకు రైతు స్టాంపు అతికించి, మూడుసార్లు తిరిగి, చివరికి మా టేబులు ముందు నిలబడేవాడు.

రాకెట్టు ఎగిరిన రాత్రి తాళ్ళప్రొద్దుటూరు మిత్రుడికి ఫోను చేశాను. అప్పటికి మా మధ్య ఈ మాటలు చాలాసార్లు నడిచి ఉన్నాయి. “సెంటీమీటరు కుంగుతాది, నీళ్ళు తీస్తే లేస్తాది” అని లెక్క చెప్పాను. “అంతేనా?” అన్నాడు. కాసేపాగి, “మా చేను సర్వే నంబరు ఉందే, అది ఇంకా పుస్తకంలో ఉంటాదా అన్నా?” అని అడిగాడు. భూసేకరణ అయ్యాక ఖాతా మారుతుంది గానీ సర్వే నంబరు పోదు, పాత పటం అలాగే ఉంటుందని చెప్పాను.

మొన్న సంక్రాంతికి ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు ఒక రేకు గొట్టం తెచ్చాడు. అందులో వాళ్ళ నాయన కాలపు ఎఫ్.ఎం.బి. నకలు ఉంది, మడతల దగ్గర చిరిగింది. చేతికి నల్లరేగడి వాసన ఇంకా తగిలినట్టే ఉంది. అద్దాలు పెట్టుకొని ఇద్దరం కొలతలు చదివాము. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, ఒకటి వేపచెట్టు పక్కన. ఏప్రిల్, మే నెలల్లో నీటిమట్టం దిగితే ఆ మూల ఏమైనా బయటపడుతుందేమో చూడాలని ఆయన కోరిక. కోట మీదికి కాక ఈసారి కొండాపురం వైపు నుంచి వెళ్ళాలి. ఎండ కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరితే మంచిది. రాదలచిన సభ్యులు మార్చి సమావేశంలో పేర్లు ఇవ్వండి. గొలుసు నా దగ్గర లేదు, యాభై మీటర్ల టేపు ఉంది, తెస్తాను.